నాగప్ప సవరణ దగ్గర మొదలుపెట్టు

అనంతపురం

అమ్మా,

కర్నూలు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివినాను. రాజ్యాంగ నిర్మాతలు పదకొండు మందికి తలా ఒక పేరా రాసినావు. అందరూ మహనీయులే, అందరూ మేధావులే. అంబేడ్కర్ పేరా తీసుకుపోయి కె.ఎం. మున్షీ పేరు కింద పెట్టినా తేడా తెలియదు. నీకు వాక్యం రాయడం వచ్చు కాబట్టే ఇది నన్ను బాధపెట్టింది.

1948 నవంబర్ 5న రాజ్యాంగ సభలో సభ్యుడు టి.టి. కృష్ణమాచారి ఏమన్నారో చూడు. రాజ్యాంగం చిత్తుప్రతి రాసే ముసాయిదా కమిటీకి ఏడుగురిని వేస్తే ఒకరు రాజీనామా చేసినారు, ఒకరు కాలం చేసినారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఇంకొకరికి ప్రభుత్వ పనులతోనే సరిపోయింది, ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉండిపోయినారు. బరువంతా అంబేడ్కర్ మీదనే పడిందన్నారు ఆయన. ఈ లెక్క రాస్తే 'మేధావి' అనే మాట నీకు అవసరం రాదు. ఆ అంబేడ్కరే 1949 నవంబర్ 25న, రాజ్యాంగం ఆమోదానికి ముందురోజు, ఘనత తన ఒక్కడిదే కాదని రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు పేరూ, ముసాయిదా రచనలో తోడున్న ఎస్.ఎన్. ముఖర్జీ పేరూ చెప్పినారు. ఆ మాట పట్టుకొని ఆయన పనిని తగ్గించేవాళ్లున్నారు. నువ్వు ఆ దారి తొక్కొద్దు. ముసాయిదాకు 7,635 సవరణలు ఇస్తే 2,473 సభ ముందుకొచ్చినాయి. అధికరణం వెంట అధికరణానికి లేచి జవాబు చెప్పిన మనిషి ఆయన.

ఇక నీ వ్యాసంలో లేని మనిషి ఒకరున్నారు. మన సీమ నాయకుడు ఎస్. నాగప్ప. 1947 ఆగస్టు 28న, మైనారిటీల హక్కుల నివేదిక మీద సభలో చర్చ జరుగుతుంటే, ఆయన దానికి ఒక సవరణ తెచ్చినారు. రిజర్వుడు స్థానంలో గెలిచే అభ్యర్థికి షెడ్యూల్డు కులాల ఓట్లలో కనీసం 35 శాతం రావాలన్నది దాని సారం. సీటు దళితులది, గెలిపించేది ఇతరుల ఓట్లయితే ఆ గెలిచినవాడు ఎవరి మాట వింటాడు? ఆ ప్రశ్న సవరణ లోపల ఉంది. సర్దార్ పటేల్ ఒప్పుకోలేదు, నాగప్ప వెనక్కి తీసుకున్నారు. మర్నాడే, 29న, ముసాయిదా కమిటీ ఏర్పడింది.

నెగ్గని సవరణకు నిర్మాతల వ్యాసంలో చోటేమిటి అంటావేమో. కాగితం మీదికి ఎక్కనిది కూడా ఎవరో ఒకరు అడిగినదే కదా తల్లీ. ఎన్నికలప్పుడు మీ పేటలో అరుగుల మీద కూర్చునే పెద్దవాళ్లను అడుగు, ఆ ప్రశ్న ఇంకా అక్కడే ఉంటుంది.

మనవాళ్లని పొంగిపోయి మాత్రం రాయొద్దు. ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు కూడా ఆ సభలో సభ్యులే. సభ్యులని రాయి. వాళ్లు అనని మాట వాళ్ల నోట పెట్టొద్దు. చిన్నప్పుడు నేను ఆ తప్పు చేసినాను, అచ్చయినాక దిద్దుకోలేకపోయినాను.

సభ చర్చల సంపుటాలు తెరిచి ఆ ఆగస్టు రోజు పూర్తిగా చదువు. పదకొండు పేరాలు పక్కన పెట్టి, నాగప్ప లేచి నిలబడిన ఆ ఒక్క పూట రాసి పంపు. ఉగాది లోపల పంపితే కూర్చొని దిద్దుదాం.

నీ మేలు కోరే,
పెద్దాయన