మాంటిస్సోరిలో చదివిన పిల్ల ఇంటర్ పోటీలో నిలబడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక మాంటిస్సోరి బడిలో పన్నెండేళ్ళు వచ్చేదాకా చదివింది. అక్కడ మార్కులు, ర్యాంకులు ఉండేవి కావు. ఏడో తరగతిలో సీబీఎస్‌ఈ బడికి మార్చాం. ఈ ఏడు టెన్త్‌లో 81 శాతం వచ్చింది. అన్నీ తెలుసు కానీ పరీక్షలో టైము చాలదంటుంది. చెట్లన్నా పురుగులన్నా ప్రాణం. కుండీల్లో కనిపించిన ప్రతిదానికీ బొమ్మ వేసి తేదీ రాసుకుంటుంది. నిరుడు తొలకరికి అమ్మమ్మగారి ఊళ్ళో ఆరుద్ర పురుగును అరచేతిలో పెట్టుకుని, "కాళ్ళు ఎనిమిది ఉన్నాయి, ఇది పురుగు కాదు, సాలీడు జాతి" అని నోటుబుక్కులో రాసింది. మా తమ్ముడు హాస్టల్ ఉన్న కాలేజీలో ఎంపీసీలో చేర్చమంటున్నాడు. ఆ బడిలో వేసి పిల్లను పాడుచేశారని ఒకటే గొడవ. మావారికేమో బైపీసీ, నీట్ ఆలోచన. నిజంగా తప్పు చేశామా? ఇప్పుడు ఏ గ్రూపు, ఏ కాలేజీ? - ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ ఎనిమిది కాళ్ళ దగ్గర ఆగిపోయాను. మనమందరం ఆరుద్ర పురుగు అని పిలిచే ఆ ఎర్రటి మఖమల్ ముక్క నిజంగానే సాలీడు, తేలు వర్గానికి చెందినది. ఎవరూ అడగకుండా, మార్కులు లేకుండా, వానలో కూర్చుని కాళ్ళు లెక్కపెట్టి ఆ సంగతి తేల్చిన పిల్ల మీ ఇంట్లో ఉంది. పాడైపోయిన పిల్ల చేసే పని కాదది.

ముందు మీ తమ్ముడిగారి మాట సంగతి చూద్దాం. ఆ మాటే మీకు నిద్ర పట్టనివ్వడం లేదని తెలుస్తోంది. బోర్డు మీద మాంటిస్సోరి అని రాసుకున్న ప్రతి బడీ ఆ పద్ధతిలో నడవదు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి మీ పాప చదివింది అసలైన బడే అనిపిస్తోంది. అలాంటి బడిలో పొద్దున దాదాపు మూడు గంటలు ఏకబిగిన పిల్లలు తాము ఎంచుకున్న పని చేసుకుంటారు. మధ్యలో పీరియడ్ గంట మోగదు. తప్పు చేస్తే టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేయదు, ఆ వస్తువే చెబుతుంది. చెక్క దిమ్మలో గుంటలు, వాటిలో సరిపోయే గుండ్రటి కొయ్య ముక్కలు మీరు చూసే ఉంటారు. ఒకటి తప్పు గుంటలో పెడితే చివర్లో ఒక ముక్క మిగిలిపోతుంది, ఎక్కడ పొరపాటు జరిగిందో పిల్ల తనే వెనక్కి వెళ్ళి వెతుక్కుంటుంది. మూడేళ్ళ వయసు నుంచి అలా తొమ్మిదేళ్ళు చేసిన పిల్లకు రెండు అలవాట్లు ఎముకల్లోకి దిగుతాయి. ఒకటి, ఎంతసేపైనా ఒకే పని మీద కూర్చోగలగడం. రెండు, తన తప్పు తనే పట్టుకోవడం.

మాంటిస్సోరి చదివితే పెద్దవాళ్ళవుతారని చెప్పడానికి గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేర్లు ఎత్తుతారు. వాళ్ళు ఆ బడుల్లో చదివిన మాట నిజమే. అయినా ఇద్దరిని చూసి మీ పిల్ల భవిష్యత్తు లెక్క కట్టలేం. దానికన్నా 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన నాకు ఎక్కువ నమ్మకంగా ఉంటుంది. అమెరికాలోని మిల్వాకీ ఊళ్ళో మాంటిస్సోరి సీట్లు లాటరీలో ఇచ్చారు. సీటు వచ్చిన పిల్లల్నీ, రాని పిల్లల్నీ పోల్చి చూశారు. అయిదేళ్ళ పిల్లల్లో చదవడం, లెక్కలు రెండింట్లోనూ మాంటిస్సోరి వాళ్ళు ముందున్నారు. పన్నెండేళ్ళ వాళ్ళలో లెక్కల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు కానీ, కథ రాయమంటే వాళ్ళ ఊహ, వాక్యం మెరుగ్గా ఉన్నాయి. అంటే మీరు లాటరీలో కోటి రూపాయలూ గెలవలేదు, ఇల్లూ పోగొట్టుకోలేదు. పిల్లకు ఒక మంచి అలవాటు చేశారు. ఆ విషయంలో ఇక బాధపడకండి.

ఇప్పుడు టైము చాలడం లేదన్న మాట. ఇది నిజమైన ఇబ్బందే, దాన్ని నేను తేలిక చేయను. ఇలాంటి బడి నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఎంసెట్ మాక్ టెస్టు పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. లెక్కలు ఎనభై. వాడు చేసినవి ముప్ఫై ఒకటి, అందులో తప్పులు రెండే. రఫ్ పేజీ చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రతి లెక్కా మొదటి మెట్టు నుంచి రాసుకొచ్చాడు. సూత్రం గుర్తున్నా సరే, అది ఎలా వచ్చిందో పక్కన చిన్న అక్షరాల్లో మళ్ళీ రాబట్టాడు. మిగిలిన నలభై తొమ్మిదీ చూడనే లేదు. ఆ పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవని, తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టి రావచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. చెబితే, "తెలియకుండా ఎలా పెట్టను సార్" అన్నాడు. ఆ మాట అడగడానికి వాడికి ఎంత ఇబ్బందిగా ఉందో ఇంకా నా కళ్ళ ముందుంది.

వాడికి ఏం చెప్పానో అదే మీ పాపకూ చెబుతున్నాను. స్పీడు అనేది స్కూటీ నడపడం లాంటి విద్య, ఆరు నెలలు పట్టుగా చేస్తే వస్తుంది. పేపరును రెండు విడతలుగా చేయాలి. మొదటి విడతలో చూడగానే దారి తెలిసినవి మాత్రమే. ఆలోచించాల్సినవి గుర్తు పెట్టుకుని ముందుకు సాగిపోవాలి, రెండో విడతలో వాటి దగ్గరికి రావాలి. వారానికి ఒక్క మాక్ టెస్టు చాలు. కానీ ఆ పేపరు ఆమే దిద్దుకోవాలి. తప్పు పోయినవి, తెలిసీ వదిలేసినవి, ఎక్కువ సేపు పట్టినవి వేర్వేరుగా ఒక పుస్తకంలో రాసుకోవాలి. చిన్నప్పుడు మిగిలిపోయిన కొయ్య ముక్కను వెతికిన పిల్లకు ఈ పని హాయిగా ఉంటుంది. నేను చూసిన పిల్లల్లో చాలామంది ఇక్కడే దారిలో పడ్డారు. టీచరు దిద్ది ర్యాంకు ఇస్తే టెన్షన్ పడి ముడుచుకుపోయేవాళ్ళు కూడా తామే దిద్దుకుంటే లేచి కూర్చుంటారు.

అందరికీ ఒకే పరీక్ష కొలబద్ద కాదు. ఈ లెక్క ఒక్కసారి పాపతో కూర్చుని వేయండి. నీట్‌లో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్క నిమిషం, తప్పుకు ఒక మార్కు కోత. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఎంసెట్ పోయి వచ్చిన ఎప్‌సెట్‌లో అవే 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. జేఈఈ మెయిన్‌లో 75, అంటే ఒక్కోదానికి రెండున్నర నిమిషాల లోపు. సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన ఐసర్ కాలేజీల ప్రవేశ పరీక్షలో మూడు గంటలకు 60 ప్రశ్నలే, ఒక్కోదానికి మూడు నిమిషాలు. నెమ్మదిగా, లోతుగా ఆలోచించే పిల్లకు ఈ చివరిది ఊపిరాడే పరీక్ష. తేలిక అనుకోకండి, ప్రశ్నలు గట్టిగానే ఉంటాయి, తప్పుకు కోతా ఉంది. కానీ ఆమె నడకకు సరిపోయే దారి అది.

గ్రూపు సంగతి ఇక్కడ తేలుతుంది. ఐసర్ పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగింటి నుంచీ పదిహేనేసి ప్రశ్నలు వస్తాయి. మామూలు బైపీసీ తీసుకుంటే లెక్కలు పోతాయి, ఎంపీసీ తీసుకుంటే ఆమెకు ప్రాణమైన బయాలజీ పోతుంది. అందుకని సీబీఎస్‌ఈలోనే పదకొండులో ఇంగ్లిష్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ, మ్యాథ్స్ రెండూ ఇచ్చే బడి వెతకండి. హైదరాబాద్‌లో దొరుకుతుంది. (ఆంధ్రలో ఉన్నవాళ్ళకు ఇంటర్ బోర్డులో లెక్కలు, బయాలజీ కలిసిన ఎంబైపీసీ కూడా వచ్చింది.) భారం ఎక్కువే. లెక్కలు తనకు ఇష్టం లేదని పాప గట్టిగా చెబితే బలవంతం వద్దు, బైపీసీయే మంచిది. ఈ రోజుల్లో జీవుల శాస్త్రంలో పైకి వెళ్ళేకొద్దీ లెక్కలు, కంప్యూటరు తప్పవు కాబట్టి, వీలుంటే వదలొద్దని మాత్రం నా కోరిక.

తర్వాత ఏముందంటారా? తిరుపతి ఐసర్ 2015లో మొదలైంది, డిగ్రీ, పీజీ కలిసిన అయిదేళ్ళ బీఎస్-ఎంఎస్ ఉంటుంది, మొదటి నుంచీ పరిశోధన మీద చూపు. అది కాకపోతే బీఎస్సీ అగ్రికల్చర్. రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, సీట్లు ఎప్‌సెట్ బైపీసీ ర్యాంకుతోనే. పురుగుల శాస్త్రం అక్కడ ఒక పూర్తి విభాగం. పత్తికి గులాబీ పురుగు, మొక్కజొన్నకు కత్తెర పురుగు పట్టి రైతు నష్టపోతున్న రోజుల్లో పురుగును దగ్గరగా చూడగలిగే కళ్ళు ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది, ఇలాంటి చదువులు చదివినవాళ్ళు అక్కడ పనిచేస్తున్నారు. ఎప్‌సెట్ రాస్తే మాత్రం సీబీఎస్‌ఈ పిల్లలు ఇంటర్ బోర్డు పుస్తకాలు కూడా ఒకసారి చదవాలి, ప్రశ్నలు వాటి నుంచే వస్తాయి.

బొమ్మలు కూడా వేస్తుంది కాబట్టి ఇంకో మాట. యూసీడ్ అని డిజైన్ పరీక్ష ఉంది, ఏ గ్రూపు వాళ్ళయినా రాయవచ్చు, అందులో చేత్తో బొమ్మ వేసే భాగం ఉంటుంది. హైదరాబాద్ ఐఐటీలో బీడిజైన్ సీట్లు ఆ ర్యాంకుతోనే ఇస్తారు. అడగకుండా తోసేయకండి.

మీవారి నీట్ ఆలోచన తప్పేం కాదు. ఒక్క ప్రశ్న పాపను అడిగితే చాలు: రోగి మంచం పక్కన నిలబడటం నీకు ఇష్టమేనా? ఆమె కళ్ళు ఆకు మీద, పురుగు మీద ఉన్నాయి. మనిషి బాధ మీదకు కూడా వెళ్తే డాక్టరు చదువు చదవనివ్వండి. పిల్లకు బయాలజీ వచ్చు కదా అని మాత్రమే అయితే వద్దు.

కాలేజీ విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడను. తెల్లారి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పది దాకా గంటల లెక్కన నడిచే హాస్టల్లో ఈ పిల్లను పెట్టకండి. అక్కడ నెగ్గే పిల్లలు ఉన్నారు, వాళ్ళ స్వభావం వేరు. మీ పాపకు తనంతట తను కూర్చునే మూడు గంటలు రోజూ కావాలి. ఇంటి నుంచి వెళ్ళొచ్చే చోటే చూడండి. చూడటానికి వెళ్ళినప్పుడు ఫీజు, ర్యాంకుల ఫ్లెక్సీ పక్కన పెట్టి, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, ఆదివారం ఖాళీయేనా అని అడగండి. తర్వాత బయాలజీ ల్యాబ్ చూపించమనండి. తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కోవడానికే పావుగంట పట్టిందనుకోండి, లోపల మైక్రోస్కోపు కవరు మీద వేలితో గీస్తే గీత పడిందనుకోండి, అక్కడి నుంచి వచ్చేయండి. పాపను వెంట తీసుకెళ్ళండి, ఆమె నోటుబుక్కు కూడా. బయాలజీ టీచరు చేతికి ఇచ్చి చూడమనండి. ఆ టీచరు ఎన్ని పేజీలు తిప్పుతారో మీరూ పాపా ఇద్దరూ గమనించండి.

మరియా మాంటిస్సోరి గురించి ఒక సంగతి మీ తమ్ముడిగారికి పనికొస్తుంది. ఆవిడ చిన్నప్పుడు ఇంజినీరు కావాలని సాంకేతిక పాఠశాలలో చేరింది. తర్వాత మనసు మార్చుకుని మెడిసిన్ చదివి 1896లో రోమ్‌లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. ఆ తర్వాత చిన్నపిల్లల వైపు తిరిగి 1907లో మొదటి బడి పెట్టింది. 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి టీచర్లకు పాఠాలు చెప్పేనాటికి ఆవిడకు 69 ఏళ్ళు. పదహారేళ్ళకు ఎంచుకున్న గ్రూపు జీవితాంతం కట్టేసే తాడు కాదని ఆయనకు చెప్పండి. రెండేళ్ళ తర్వాత పాప మనసు మారినా, నేను చెప్పిన అయిదు సబ్జెక్టులతో ఇంజినీరింగ్ దారీ, మెడిసిన్ దారీ, వ్యవసాయం, ఐసర్ అన్నీ తెరిచే ఉంటాయి.

లెక్కలు, బయాలజీ కలిపి ఇచ్చే సెక్షన్లలో సీట్లు తక్కువ, త్వరగా నిండిపోతాయి. ఈ వారంలోనే రెండు మూడు బడులు చూసి రండి. ఈ కాయితం పాపతో కూడా చదివించండి, ఆమె ఏమందో నాకు మళ్ళీ రాయండి.