సింహాన్ని గిర్‌కి పంపించెయ్యి

అమ్మాయీ,

నువ్వు రాసిన పిల్లల కథ పీడీఎఫ్ వచ్చి మూడు వారాలైంది. మొదటిసారి చదివి ఫోన్ పక్కన పడేశాను, దాచడమెందుకు. మన విశాఖ కంబాలకొండలో సింహం సభ పెట్టడమేంటమ్మా? పుట్టి పెరిగింది మధురవాడలో అని నువ్వే రాశావు. మేడెక్కితే ఆ కొండ కనిపిస్తుంది కదా. 70 చదరపు కిలోమీటర్ల అడవి. అందులో చిరుత ఉంది, కణితి అనే పెద్ద జింక ఉంది, అడవిపంది ఉంది. చిరుత కొండ దిగి కాలనీ వైపు వచ్చిందని ఎవరన్నా అంటే చాలు, వారం రోజులు వాట్సాప్‌లో అదే గోల. సింహం మాత్రం గుజరాత్‌లో గిర్ చుట్టుపక్కల తప్ప మన దేశంలో మరే అడవిలోనూ లేదు. పక్కన జూలో ఉంది కదండీ అంటావేమో, అది సభలు పెట్టే స్థితిలో లేదు.

సరే, సింహం సంగతి అలా ఉంచు. సభలో తీర్మానం ఏంటి? "ఇకనుంచి అడవిని అందరం పంచుకుందాం, ఎవరూ ఎవరినీ తినకూడదు." జింకలు చప్పట్లు కొట్టాయి. మా ఆరేళ్ల మనవడికి చదివి వినిపిస్తే వాడు అడిగిన మొదటి ప్రశ్న, "మరి రాత్రికి సింహం ఏం తింది తాతా?" నీ కథలో దానికి జవాబు లేదు, నా దగ్గర అసలే లేదు.

రెండోసారి ఎందుకు తెరిచానో గుర్తులేదు కానీ, ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. సభకి సంబంధం లేకుండా, హాస్టల్ గది గురించి ఎక్కడో మధ్యలో రాశావు: "ట్యూబ్‌లైట్‌కి ఆ చివర ఒక బల్లి, ఈ చివర ఒక బల్లి, మధ్యలో ఎవరూ గీయని గీత." ఈ ఉత్తరం రాస్తున్నది ఆ వాక్యం కోసమే. మిగతా పద్నాలుగు పేజీలూ లేకపోయినా నాకు బాధ లేదు.

ఎందుకంటే నువ్వు రాయాలనుకున్నదంతా ఆ గీతలోనే ఉంది. వెలుతురుకి పురుగులొస్తాయి, పురుగుల కోసం బల్లులొస్తాయి, పెద్ద బల్లి మంచి చోటు పట్టుకుని రెండోదాన్ని తరిమేస్తుంది, అది అంచుకి జరిగి దొరికినదానితో సరిపెట్టుకుంటుంది. మూలన సాలీడు తన వల తను చూసుకుంటుంది. కింద రాలిన రెక్కల్ని తెల్లారేసరికి చీమలు ఊడ్చేస్తాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు, ఒప్పందం రాసుకోలేదు. అయినా ఒక్క ట్యూబ్‌లైట్ కింద అందరూ బతికారు. అందరూ అంటే, తిన్నవాళ్ళు. పంచుకోవడమంటే ఇదేనమ్మా, మంచితనం కాదు. చోటు వేరు చేసుకోవడం, వేళ వేరు చేసుకోవడం, తిండి వేరు చేసుకోవడం, కుదరనప్పుడు కొట్టుకోవడం. పిల్లలకి ఇది మనకంటే బాగా తెలుసు. స్కూల్ బస్సులో కిటికీ సీటు కోసం రోజూ చేసే పని అదే.

నమ్మకపోతే జోడుగుళ్ళపాలెం దగ్గర రాళ్ళ మీదకి వెళ్ళు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అటువైపు తిరగని ఆదివారం లేదు. మన దగ్గర పోటుకీ ఆటుకీ మధ్య తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. ఆ కాస్త ఎత్తులోనే అంతస్తులు వేసినట్టు కాపురాలుంటాయి. అన్నిటికంటే పైన, నీళ్ళు ఎప్పుడో గానీ తగలని చోట, చిన్న చిన్న నత్తలు తలుపు బిగించుకుని ఎండలో గంటలకొద్దీ ఓపిక పడతాయి. కొంచెం కింద తెల్లగా గరుగ్గా పొక్కుల్లా అంటుకుని ఉంటాయే, అరికాలు కోసుకుపోతుంది, అవి రాళ్ళు కావు, ప్రాణులు. పీతలకి చుట్టాలు. తలని రాయికి అతికించేసుకుని, నీళ్ళొచ్చినప్పుడు కాళ్ళు బయటపెట్టి వాటితోనే తిండి లోపలికి తోసుకుంటాయి. ఇంకా కింద, గుంటల్లో నీళ్ళు నిలిచే చోట పువ్వుల్లాంటి జీవులుంటాయి. వేలు పెడితే ముడుచుకుంటాయి. పువ్వనుకుని దగ్గరికెళ్ళిన చిన్న చేపకి మాత్రం ఆ రోజుతో సరి. అక్కడే పాత నత్తగుల్లలో కాపురముండే పీత, ఒళ్ళు పెరిగితే ఇంకో గుల్ల వెతుక్కుని దూరిపోతుంది, అది వదిలిన గుల్ల కోసం చిన్నది కాచుకుని ఉంటుంది. ఒకసారి అది చూస్తూ కూర్చుండిపోతే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన అరిచాడు, "మాస్టారూ, పోటొస్తంది, లెగండి!" నడుం దాకా తడిసి ఇంటికెళ్ళాను. నాకు రాళ్ళమీది అంతస్తుల పాఠం ఒంటికి పట్టింది ఆ రోజే.

నీకు చెప్పాలనుకున్న అసలు మాట తిండి గురించి. పిల్లల కథల్లోంచి తినడాన్ని తీసెయ్యకు. ఈ విషయంలో నాకు పాత కోపం ఉంది. ఓ పిల్లల పత్రికకి తాబేలు కథ పంపాను. శీతాకాలం చివర్లో మన ఆర్కే బీచ్ మీదకి రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేలు వచ్చి, ఇసుక తవ్వి నూరు దాకా గుడ్లు పెట్టి, పూడ్చేసి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. నా కథలో తెల్లారేలోగా వీధికుక్క వచ్చి సగం గుడ్లు తినేస్తుంది. మిగిలిన సగం యాభై రోజుల తర్వాత పిల్లలై బయటికొస్తాయి, కొన్నిటిని పీతలు, కొన్నిటిని కాకులు ఎత్తుకుపోతాయి, కొన్ని బీచ్ రోడ్డు లైట్లని సముద్రపు వెలుగనుకుని రోడ్డు వైపు నడుస్తాయి, పద్దెనిమిది నీళ్ళు చేరతాయి. అంతే కథ. ఎడిటర్ గారికి నచ్చింది. నచ్చి, నాకు చెప్పకుండా కుక్కని మార్చేశారు. అచ్చులో చూసుకుంటే నా కుక్క గుడ్లకి కాపలా కాస్తోంది! కింద లావుపాటి అక్షరాల్లో నీతి కూడా. పిల్లలు బాధపడతారు కదండీ అన్నారు అడిగితే. రెండు నెలలకి భీమిలి నుంచి ఒక పిల్లాడి కార్డు వచ్చింది: మీ కథ చదివి మా టామీని కాపలాకి బీచ్‌కి తీసుకెళ్ళానండి, అది తవ్వి తినేసింది, ఇప్పుడేం చెయ్యాలి? ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఎడిటర్ గారు రిటైరయ్యారు, సన్మానాలు కూడా జరిగాయి.

ఇప్పటి ఫ్యాషన్ ఇంకో రకం. నీతి అనడం మానేసి మెసేజ్ అంటున్నారు. వర్క్‌షాపుల్లో మొదటి గంటే "మీ కథ మెసేజ్ ఏంటి" అని అడుగుతారట. అందుకే కాబోలు నీ కుందేలు "జీవవైవిధ్యం మన బాధ్యత" అంటుంది. కుందేలు నోట ఆ మాట పలికించడానికి నీకు మనసెలా ఒప్పింది?

మన దగ్గరున్నవాటిని సరిగ్గా చూస్తే మెసేజ్ అవసరం పడదు. మేడిపండు సంగతే చూడు. పైకి నిగనిగ, పొట్ట విప్పితే పురుగులు అని, ఎవరినైనా తిట్టాలంటే ఆ పండునే ఎత్తిపొడుస్తాం. నిజానికి మేడి పూలు కాయ లోపలే పూస్తాయి. దోమకంటే చిన్నదైన ఒక కందిరీగ కాయ కొసనున్న సన్నటి రంధ్రంలో దూరుతుంది. దూరడంలో రెక్కలు ఊడిపోతాయి, ఇక బయటికి రాదు. తెచ్చిన పుప్పొడి పూలకిచ్చి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి చనిపోతుంది. పిల్లల్లో మగవి రెక్కల్లేకుండా పుట్టి, ఆడవి వెళ్ళడానికి గోడకి దారి తొలిచి చనిపోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో చెట్టుకి ఎగిరిపోతాయి. ఆ పురుగులు లేకపోతే మేడికి గింజ లేదు. గింజ లేకపోతే చెట్టు లేదు. మనం తరతరాలుగా తిడుతున్నది ఆ పండుని బతికించిన వాటిని! ఇదంతా ఒక పిల్ల పండు విప్పి, ఛీ అని విసిరెయ్యబోయి, ఆగి చూసినట్టు రాస్తే ఎలా ఉంటుంది? నేను రాద్దామనుకుని ఇరవై ఏళ్ళుగా రాయలేదు, నువ్వు తీసుకో.

మా వీధి చివర ఒక మేడిచెట్టు ఉండేది. కాయలు పండితే కంసాలి పిట్టలు, పికిలి పిట్టలు, చీకటి పడితే గబ్బిలాలు. పగటి పిట్టలకీ రాత్రి గబ్బిలాలకీ ఒకటే చెట్టు, వేళలు వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి వేళ్ళతో సహా పడిపోయింది. ఆ తర్వాతి వేసవిలో కంసాలి పిట్ట టుక్ టుక్ వినపడలేదు. ముందు మా ఆవిడ గమనించింది, నేను కాదు. ఊరి పిల్లల రచయితనని బోర్డు పెట్టుకు తిరుగుతున్నది నేను.

నీ ప్రశ్నల్లో ఒకటి, "ఆవాసం" అనే మాట పిల్లలకి కష్టమా అని. మాట కష్టం కాదు, నువ్వు దాన్ని "జంతువు ఇల్లు" అని వివరించడం తప్పు. ఇల్లయితే గూడు, కలుగు. కంసాలి పిట్టకి గూడు ఎండుకొమ్మ తొర్ర. ఆవాసమంటే ఆ తొర్రతో పాటు మేడిచెట్టు, దాని కందిరీగ, తాగే నీళ్ళు, మా వీధి మొత్తం. బొమ్మలు ఎవరితో వేయించాలి, పారితోషికం ఎంత అడగాలి అన్నావు, వాటి సంగతి తర్వాత చూద్దాం.

సింహాన్ని గిర్‌కి పంపించెయ్యి. బల్లుల కథ రాసి పంపు, ఎనిమిది పేజీలు దాటకూడదు. రెండో బల్లికి ఆ రాత్రి ఏమైందో నాకు తెలియాలి. అమావాస్య నాడు సముద్రం బాగా వెనక్కి తీస్తుంది, ఖాళీ ఉంటే ఆటు వేళకి రాళ్ళ దగ్గరికి రా. జారని చెప్పులు వేసుకుని రా, ఆ తెల్ల పొక్కుల మీద నా అరికాలు రెండుసార్లు తెగింది. పీడీఎఫ్ మాత్రం వద్దు తల్లీ, కాగితం మీద తీసి ఇవ్వు, నా కళ్ళజోడు మార్చే దాకా.