తూనికరాయి కట్టిన గిటార్

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా ఇంటాయనకి కిరాణా కొట్టు. మా గుంట ప్లస్ టూ సైన్సు మొదటి ఏడు చదువుతోంది. చర్చిలో మూలపడి ఉన్న బాస్ గిటార్ ఇంటికి తెచ్చుకుని ఏడాదిగా వాయిస్తోంది. నేర్పే మాస్టారేమో "ఆడపిల్లవి, నీ చెయ్యి చాలదు, కీబోర్డుకి మారిపో" అన్నారట. ఏడ్చింది గానీ మానలేదు. ఈమధ్య కొట్లోంచి అరకిలో రాయి పట్టుకెళ్ళి గిటార్ కింది కొసకి కట్టింది. ఎందుకే అంటే "తల వాలిపోతోందమ్మా" అంటుంది. అట్టపెట్టెలు కోసి గిటార్ ఆకారాలు చేసి చున్నీతో మెడకి తగిలించుకుని చూసుకుంటోంది. ఆడవాళ్ళకి వేరే గిటార్లుంటాయా? దీంతో బతుకుతెరువు ఉంటుందా? వాళ్ళ నాన్న బీఎస్సీ నర్సింగ్ అంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు అడిగినవి చాలా ఉన్నాయి గానీ నేను ఆ అరకిలో రాయి దగ్గరే ఆగిపోయాను. ముందు దాని సంగతే చెబుతాను. చదువు సంగతి దాని వెనకే వస్తుంది.

బాస్ అంటే లావు తీగలతో మంద్రంగా మోగే గిటార్. బెల్టుతో భుజానికి తగిలించుకుంటే అది మీ కొట్లో త్రాసు కాడలాంటిదే. ఒక పక్క చెక్క దిమ్మ, ఇంకో పక్క పొడవాటి మెడ, ఆ మెడ కొసన శ్రుతి చేసే నాలుగు లావుపాటి ఇనప కీలు. దిమ్మ తేలికైనా, బెల్టు తగిలించే బొడిపె సరైన చోట లేకపోయినా తల కిందికి వాలిపోతుంది. అప్పుడు ఎడమ చెయ్యి రెండు పనులు చేయాలి: తీగలు నొక్కాలి, మెడ పడిపోకుండా మొయ్యాలి. మోసే చేతికి మణికట్టు వంగిపోతుంది, బొటనవేలు బిగుసుకుపోతుంది, మిగిలిన వేళ్ళు చాచుకోవు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కనిపించేది మాత్రం ఒక్కటే, "చెయ్యి చాలట్లేదు". మాస్టారు చూసింది నిజమే. కారణాన్ని మాత్రం ఆయన పిల్ల చేతిలో వెతికారు, పిల్ల గిటార్‌లో వెతికింది.

ఇది కొత్త చిక్కేమీ కాదు. 1951లో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్ అనే మోడల్ తెచ్చినప్పుడే దాని దిమ్మకున్న పైకొమ్ముని ముందుకి సాగదీసి బెల్టు బొడిపె అక్కడ పెట్టాడు, తూకం కుదరడానికి. తర్వాత 1980 ప్రాంతంలో నెడ్ స్టెయిన్‌బర్గర్ అనే ఆయన ఏకంగా తలే తీసేసి, శ్రుతి చేసే కీలన్నీ తోకవైపు బిగించాడు. మీ అమ్మాయి తోకకి బరువు కట్టింది, ఆయన తల బరువు తోకకి మార్చాడు. త్రాసు లెక్క రెండుచోట్లా ఒకటే. ఎవరూ చెప్పకుండా పదహారేళ్ళ పిల్లకి అది తట్టిందంటే, మార్కుల జాబితా చూసి నేను చెప్పగలిగే దానికన్నా ఎక్కువే తెలిసింది నాకు.

అలాగని ఆ రాయి అలాగే ఉంచమనడం లేదు. మామూలు బాస్ నాలుగు కిలోల దాకా తూగుతుంది, దానికి ఇంకో అరకిలో అంటే భుజానికి మంచిది కాదు. మూడు నాలుగు అంగుళాల వెడల్పున్న బెల్టు, లోపలివైపు గరుకు తోలు ఉన్నది కొనివ్వండి. గరుకు భుజాన్ని పట్టుకుంటే తల అంత తొందరగా జారదు. ఇంకోటి, తూనికరాయికి ప్రభుత్వ ముద్ర ఉంటుంది. దానికి కన్నం గిన్నం పెట్టనివ్వకండి, మీ ఇంటాయనకి తర్వాత తలనొప్పి.

ఇక చెయ్యి సంగతి. పిల్ల సైన్సు చదువుతోంది కదా, ఈ లెక్క తననే వెయ్యమనండి. మామూలు బాస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. ఆ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ ఎక్కడుండాలో వస్తుంది. మన వీణవాళ్ళు మెట్టు అంటారు దాన్నే. మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండో మెట్టు, అలా చివరిదాకా. ఈ లెక్కన మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకి దాదాపు 13 సెంటీమీటర్లు. ఒక్కో మెట్టుకి ఒక్కో వేలు పెట్టమంటే చాలామంది మగపిల్లలకీ కష్టమే. దీనికి పాత ఉపాయం ఒకటుంది. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బాస్‌లో తీగ 41 అంగుళాలు దాటుతుంది. దాన్ని వాయించేవాళ్ళు చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు మాత్రమే వాడతారు, ఉంగరపువేలు చిటికెనవేలికి తోడుంటుంది. అప్పుడు చెయ్యి మూడు మెట్లే అందుకుంటే చాలు, అంటే 9 సెంటీమీటర్లు. నాలుగో మెట్టు కావాలంటే వేళ్ళు చాపరు, చేతినే జరుపుతారు. అమెరికాలో ఎస్పెరాన్జా స్పాల్డింగ్ అనే ఆవిడ ఈ పెద్ద వాద్యం వాయిస్తూ పాడుతుంది. 2011లో కొత్త కళాకారులకిచ్చే గ్రామీ అవార్డు ఆవిడకే వచ్చింది. మీ పిల్లని తలవైపున్న మొదటి అయిదు మెట్ల దాకా ఈ పద్ధతిలో వాయించమనండి, ఆ తర్వాతి మెట్లు ఎలాగూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. మణికట్టు నొప్పెడితే మాత్రం ఆపేయాలి. నొప్పి ఓర్చుకోవడం సాధన కాదు.

"ఆడవాళ్ళ గిటార్లుంటాయా" అన్నారు. పొట్టి తీగ బాస్‌లు ఉన్నాయి, 30 అంగుళాలవి. వాటిలో ఇందాకటి 13 సెంటీమీటర్లు పదకొండున్నరకి దిగుతుంది. స్క్వయర్ మస్టాంగ్ బాస్ ఆ కొలతదే. ఐబానెజ్ మైక్రో ఇంకా పొట్టిది, 28.6 అంగుళాలు. వీటిని కొట్టువాళ్ళు "లేడీస్‌కి, పిల్లలకి" అని అమ్ముతారు, వినీ వినీ విసుగొచ్చింది నాకు. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ జీవితమంతా మోసిన హాఫ్నర్ బాస్ కూడా 30 అంగుళాలదే, ఆయనకెవరూ లేడీస్ గిటార్ అని పేరు పెట్టలేదు. మరోవైపు, లాస్ ఏంజిలెస్ స్టూడియోల్లో 1960లలో లెక్కలేనన్ని రికార్డింగులకి బాస్ వాయించిన కరోల్ కే చేతిలో ఉన్నది 34 అంగుళాల ప్రెసిషన్ బాసే. ఆవిడ అసలు గిటార్ మనిషి. ఒకరోజు స్టూడియోకి బాస్ వాయించేవాడు రాకపోతే ఆ బాస్ తీసుకుని కూర్చుంది, ఇక దిగలేదు. మన ముంబై మోహినీ డే తండ్రి దగ్గర బాస్ నేర్చుకుని ఏ.ఆర్.రెహమాన్ బృందంలో వాయించింది. కాబట్టి కొలత చూడండి, పేరు చూడకండి. పొట్టి బాస్‌కి ఒక లోపం ఉంది: లావు తీగ కాస్త వదులుగా మోగుతుంది. ఒక నంబరు లావు తీగలు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కొనేటప్పుడు పొట్టి బాస్ తీగలేనని అడిగి మరీ తీసుకోవాలి.

అట్ట ఆకారాల గురించి మీరు కొంచెం మొహమాటంగా రాశారు, నేను మొహమాటం లేకుండానే చెబుతాను. నిలబడి వాయించేటప్పుడు చెక్క అంచు ఛాతీకి నొక్కుకుంటుంది. మీ అమ్మాయి అట్ట కోస్తున్నది అందుకే అయ్యుంటుంది, అడిగి చూడండి. ఫెండర్ కంపెనీ మొదటి గిటార్లు పలకలా ఉండి మగవాళ్ళ పక్కటెముకలకి గుచ్చుకునేవి. వాళ్ళు గొణిగితే 1954లో స్ట్రాటోకాస్టర్ అనే మోడల్‌కి వెనకవైపు పొట్ట దగ్గర, ముందువైపు మోచెయ్యి ఆనే చోట చెక్క చెక్కేశారు. మగవాళ్ళకి గుచ్చుకున్నప్పుడు అది "సౌకర్యం" అయింది, ఆడవాళ్ళకి గుచ్చుకుంటే "స్పెషల్" అయింది. 2016లో సెయింట్ విన్సెంట్ అనే గిటారిస్టు (అసలు పేరు ఆనీ క్లార్క్) మ్యూజిక్ మ్యాన్ కంపెనీతో కలిసి తన గిటార్ తనే గీయించుకుంది: తేలికగా, నడుము సన్నగా, ఛాతీకి చోటుండేలా. అది మగవాళ్ళూ కొంటున్నారు. అంతకుముందే, 2000లో, టిష్ సిరవోలో అనే బాస్ వాద్యకారిణి డైసీ రాక్ అని అమ్మాయిల గిటార్ల కంపెనీ పెట్టింది. పువ్వు ఆకారాలు, హృదయాల ఆకారాలు చూసి నేను మొదట మొహం ముడుచుకున్నాను గానీ, మెడ సన్నం చెయ్యడం మాత్రం సరైన ఆలోచనే. లూనా గిటార్స్ అనే కంపెనీ పెట్టిన ఇవోన్ డివిలియర్స్‌కి ఆ ఊహ ఎలా వచ్చిందనుకున్నారు? వాళ్ళమ్మ బాస్ వాయించేది. ఆ బరువుతో ఆవిడ పడే అవస్థ చూసి.

నా సంగతీ ఒక ముక్క. నాకు పదేళ్ళప్పుడు వీణ పెట్టించారు, పెద్దవాళ్ళు వాయించే వీణ. ఎడమ చెయ్యి మొదటి మెట్టు దాకా సాగేది కాదు. ఆరునెలలు చూసి "దీని వల్ల కాదు" అని మానిపించారు. చిన్న వీణ ఒకటి చేయించవచ్చని ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. అందుకే మీ అమ్మాయి రాయి చూస్తే నాకు కొంచెం అసూయగానూ ఉంది.

బతుకుతెరువు. బాస్ ఒక్కదాన్నే నమ్ముకుని ఇల్లు నడపడం మగవాళ్ళకీ కష్టమే, అందులో దాపరికం ఏమీ లేదు. అయితే మీ వైపు ఒక వీలు ఉంది. గిటార్, కీబోర్డు వాయించేవాళ్ళు వీధికొకరు, బాస్ వాయించేవాళ్ళు దొరకరు. చర్చిల్లోనూ, పెళ్ళిళ్ళకి తిరిగే మెలోడీ పార్టీల్లోనూ బాస్ పని కీబోర్డు వాయించేవాడి ఎడమ చేత్తోనే కానిచ్చేస్తారు. గట్టిగా తాళం నిలబెట్టే మనిషి దొరికితే పిలుస్తారు. మెలోడీ పార్టీ అంటే రాత్రి ప్రయాణాలు. పాడే ఆడవాళ్ళు ఇద్దరైనా ఉన్న బృందంతోనే పంపండి, డబ్బు ముందే మాట్లాడుకోండి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ రాక్ అండ్ పాప్ పరీక్షల్లో బాస్‌కి ఎనిమిదో గ్రేడు దాకా ఉంది. అయిదారు గ్రేడులు చేతిలో ఉంటే రేపు ఏ నగరంలో చదువుకున్నా సాయంత్రాలు నేర్పి ఖర్చులు సంపాదించుకోవచ్చు. అంతవరకు దాన్ని రెండో ఆదాయంగానే లెక్కేయండి.

మొదటి ఆదాయానికి దారి డిజైన్ చదువు, అంటే వస్తువుల రూపకల్పన అని నా అభిప్రాయం. దానికి బి.డెస్ అని నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. ఐఐటీల్లో అందులో చేరాలంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఐఐటీ బొంబాయి నడుపుతుంది. బొంబాయి, గువాహటి, హైదరాబాద్ ఐఐటీలు ఆ ర్యాంకుతోనే తీసుకుంటాయి. ప్లస్ టూలో ఏ గ్రూపైనా పరవాలేదు. పరీక్ష జనవరిలో, దరఖాస్తు అంతకు కొన్ని నెలల ముందే. వరసగా రెండేళ్ళు, రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు. కాబట్టి ప్లస్ టూ అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఒక అవకాశం ఊరికే పోతుంది, వచ్చే ఏడే రాయించండి. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ళ డాట్ పరీక్ష వేరు. దాంతో అహ్మదాబాద్‌తో పాటు ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీలోనూ చేరొచ్చు. రెండింటిలోనూ బొమ్మ గీయాలి. అందంగా గీయడం కాదు, వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిసేలా. ఆ అట్టముక్కలు ఇప్పటికే సగం సాధన.

గిటార్లు చెయ్యడం కోసం ఇంత చదువా అని మీ ఇంటాయన అడగొచ్చు. గిటార్లే చేస్తుందని కాదు. మనిషి ఒంటికి వస్తువుని కుదర్చడం నేర్చినవాళ్ళకి ఆసుపత్రి పరికరాల నుంచి కుట్టుమిషన్ల దాకా పని ఉంది. గిటార్లే చేస్తానన్నా సంత చిన్నదేం కాదు: అమెరికా, బ్రిటన్‌లలో కొత్తగా గిటార్ పట్టేవాళ్ళలో సగంమంది ఆడవాళ్ళేనని ఫెండర్ కంపెనీ 2018లో చేయించిన సర్వేలో తేలింది. నర్సింగ్ మంచి వృత్తే, పిల్లకి ఇష్టమై, ప్లస్ టూలో బయాలజీ ఉంటే ఆ దరఖాస్తూ పెట్టనివ్వండి. గిటార్ మాన్పించడానికి మందుగా మాత్రం వాడకండి.

ఈ వేసవిలో ఒక్క పని చెయ్యండి. విజయనగరం వెళ్ళే రైలెక్కితే పార్వతీపురం దాటాక బొబ్బిలి. పక్కనే గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళున్నారు. పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి కుండ, దండి అతుకు లేకుండా తీస్తారు, ఏకాండి వీణ అంటారు. కుండ గోడ ఎంత పలచన చేస్తే ఎలా మోగుతుందో, మైనంలో మెట్లు ఎలా నిలబెడతారో పిల్లని ఒక పూట కూర్చుని చూడనివ్వండి. అడిగితే చెబుతారు, ఉలి చేతికిస్తారో లేదో వాళ్ళిష్టం. అట్ట ఆకారం ఒకటి చేత పట్టుకెళ్ళమనండి, పని తెలిసినవాళ్ళు చూసి ఏదో ఒక వంక పెట్టకుండా ఉండరు. ఆ వంకలు రాసుకు రమ్మనండి.

రాయి విప్పే ముందు ఒక ఫొటో తీయించండి. దాని పక్కనే రాసిపెట్టమనండి: అరకిలో కడితే తల పైకి లేచిపోయిందా, రెండు వందల గ్రాములకే నిలిచిందా, ఎక్కడ కడితే ఎంత సరిపోయింది. మీ కొట్లో చిన్న రాళ్ళు కూడా ఉంటాయి కదా, ఒక ఆదివారం మధ్యాహ్నం అవన్నీ పిల్లకి ఇచ్చేయండి.