వీపు తట్టిస్తే కఫం పోతుందా?

ప్రశ్న: మా బాబుకు ఏడు నెలలు. పోయిన నెలలో జలుబుగా మొదలై, మూడో రోజుకు పిల్లికూతలు, ఆయాసం వచ్చాయి. డాక్టరుగారు బ్రాంకియోలైటిస్ అని చెప్పి, వీపు, ఛాతీ తట్టి కఫం కదిలించే ఫిజియోథెరపీ అవసరం లేదన్నారు. చేయించి ఉంటే కఫమంతా బయటపడేదని మా ఆడపడుచు అంటున్నారు. మళ్లీ వస్తే చేయించమంటారా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అవసరం లేదమ్మా, మీ డాక్టరుగారు సరిగ్గానే చెప్పారు. బిడ్డ గుండెల్లో గురగురమంటుంటే ఎలాగైనా కఫం తీయించాలనిపించడం సహజమే. అయితే ఈ జబ్బులో, ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వల్ల, మిల్లీమీటరు కన్నా సన్నని గాలిగొట్టాల లోపలి పొర వాచి, రాలిన కణాలూ జిగురూ అడ్డుపడి దారి ఇరుకవుతుంది. వీపు తట్టినంత మాత్రాన ఆ వాపు తగ్గదు.

వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2023లో, మొత్తం 1,679 మంది పసిపిల్లలపై జరిగిన 17 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. తట్టడం వల్ల జబ్బు తీవ్రత తగ్గినట్టు తేలలేదు. ఊపిరిని బలవంతంగా వదిలించే పద్ధతి, జబ్బు ముదిరిన పిల్లలకు మేలు చేయకపోగా వాంతులు తెప్పించింది. ఛాతీ, పొట్ట మెల్లగా అదిమి నిదానంగా ఊపిరి వదిలించే పద్ధతితో కొందరికి కాస్త ఉపశమనం కనిపించినా ఆ ఆధారం బలహీనమైనది. దాన్ని నమ్మి, ఆయాసపడుతున్న బిడ్డను ఏడిపించి అలసట పెంచడం నాకు సమ్మతం కాదు. కండరాల బలహీనత వంటి జబ్బుల వల్ల దగ్గలేని పిల్లల సంగతి వేరు.

మీ చేతిలో ఉన్నది ముక్కు, పాలు. పసిపిల్లలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు కాబట్టి, పాలు పట్టే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి శుభ్రం చేసి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టండి. స్నానం తర్వాత సాంబ్రాణి వేసే ఆనవాయితీని దయచేసి మానండి. సిగరెట్టు, అగరుబత్తి, దోమలచుట్ట పొగ కూడా కూడదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. దగ్గు మూడు వారాల దాకా ఉండవచ్చు.

మూడు నుంచి అయిదో రోజు వరకు ఆయాసం ఎక్కువగా ఉంటుంది. అప్పుడు బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, మామూలులో సగం పాలైనా తాగకపోయినా, పన్నెండు గంటలుగా మూత్రం పోయకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెదవులు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.