మేనల్లుడికి, కామెడీ వీడియోల విషయమై

చిరంజీవి చిన్నబాబుకి, పర్లాకిమిడి నుంచి మీ మావయ్య ఆశీర్వదించి రాయునది.

మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లింగ్ పని మానేసి, బరంపురంలోనే పెళ్ళి వీడియోల స్టూడియోలో ఎడిటింగ్‌కి చేరుతున్నావట. ఆదివారాలు కామెడీ వీడియోలు తీసుకుంటావట. మీ అమ్మ ఫోన్ చేసి కాసేపు ఏడ్చింది, కాసేపు గొప్పలు చెప్పింది. ఆఖర్న "వీడికి అచ్చం పెద్దన్నయ్య పోలికే వచ్చిందిరా" అంది. ఆ మాటకి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పోలిక రావడం సంతోషమే. ఆయన తలరాత కూడా వెంట వస్తుందేమోనని టెన్షన్.

ఫోన్లో చెబితే "ఊఁ, ఊఁ" అంటూ ఇంకో పక్క ఏదో స్క్రోల్ చేస్తుంటావు. అందుకని రాస్తున్నాను. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, కాగితం మీద పడితేగానీ ఏ మాటా ఖాయమైనట్టు అనిపించదు నాకు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. ఫ్యాను ఆపి రికార్డు చెయ్యి. బొమ్మ మసగ్గా ఉన్నా చూస్తారుగానీ మాట వినపడకపోతే ఎవరూ ఆగరు, కాబట్టి కెమెరా కంటే ముందు కాలర్ మైకు కొనుక్కో. ఉదయం పూట కిటికీ వెలుతురు ఊరికే వస్తుంది. మీ అమ్మ చీటీ డబ్బు జోలికి వెళ్ళకు. మహేంద్రతనయ ఒడ్డున, రైలు పట్టాల మీద షూటింగులు పెట్టకు. ఈ ఒక్కటీ సలహా కాదు, ఒట్టు వేయించుకుంటున్నాను.

డబ్బు లెక్క మా మనవరాలు నాకు విడమరిచి చెప్పింది. యూట్యూబ్ యాడ్ల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. దానితోపాటు ఏడాదిలో జనం 4,000 గంటలు చూసి ఉండాలి, లేదా షార్ట్స్ అనే చిన్న వీడియోలకి 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. ఇంతా అయ్యాక పెద్ద వీడియోల మీద వచ్చే యాడ్ డబ్బులో 55 శాతం నీది. షార్ట్స్‌లో అయితే నీ లెక్కకి వచ్చినదాంట్లో 45 శాతం. కోటి అనే అంకె నేను దస్తావేజుల్లో రాసింది కూడా తక్కువే. అందుకే నెల జీతం వచ్చే ఎడిటింగ్ పని పట్టుకోవడం నాకు నచ్చింది. చేతికి పని వస్తుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. సినిమా పాట ముక్క వెనకాల పెట్టుకున్నావంటే మాత్రం ఆ వీడియో మీద వచ్చిన నాలుగు రూపాయలూ పాట హక్కుదారు పట్టుకుపోవచ్చు. మన వీధిలో డప్పు వాయించేవాళ్ళు లేరా? వాళ్ళకి డబ్బిచ్చి వాయింపించు.

ఇక తిట్టాల్సింది ఒకటుంది. నీ ఆఖరి వీడియో చూశాను. మీ అమ్మ ఎండుచేపలామెతో బేరమాడుతుంటే వంటింటి తలుపు చాటునుంచి తీశావు. "ఇవి చేపలేటమ్మా, చేపల ఫోటోలా?" అని మీ అమ్మ అనగానే నేను టీ ఒలకబోసుకున్నాను. ఆ గొంతు మా అమ్మదిరా. ఆవిడా అంతే, కూరగాయలవాణ్ణి ఒక్క మాటతో నిలబెట్టేసేది. బాగా తీశావు, కాదనను. కానీ మీ అమ్మని అడిగావా? సరే, అమ్మ కాబట్టి ఊరుకుంటుంది. ఆ ఎండుచేపలామె ముఖం స్పష్టంగా కనపడుతోంది. రేపు ఏ గుమ్మంలో గంప దించినా "చేపల ఫోటోలొచ్చాయి" అంటారు ఆవిణ్ణి. ఆ నవ్వులో ఆవిడకేం దక్కింది? వెళ్ళి వీడియో చూపించు. వద్దంటే తీసెయ్యి. సరేనంటే ఇంకోసారి పిలిచి, రోజు కూలి ఇచ్చి మరీ నటింపజెయ్యి. ఆవిడ మీ అమ్మకి తిరుగు జవాబు చెబితే ఇంకా నవ్వొస్తుంది చూడు.

నవ్వించడం గురించి నాకేం తెలుసని అనుకుంటావేమో. మీ పెద్దమావయ్య ఐటెం నువ్వు చూడలేదు, నువ్వు పుట్టేనాటికే ఆయన మానేశాడు. దసరా పందిళ్ళలో, వినాయక చవితికి, పెళ్ళిళ్ళలో మేమిద్దరం వేసేవాళ్ళం. ఆయన ముసలమ్మ, నేను బస్సు కండక్టర్ని. పర్లాకిమిడిలో బస్సెక్కిన ముసలమ్మ చంకలో కోడి ఉంటుంది. కండక్టర్ ఒడియాలో టిక్కెట్టడిగితే "నాకు ఒడియా రాదు బాబూ" అంటుంది. పొలిమేర దాటి ఆంధ్రలోని పాతపట్నం వచ్చాక తెలుగులో అడుగుతాడు. అప్పుడు తెలుగు రాదని ఒడియాలో చెబుతుంది. ఆఖరికి కండక్టర్ కోపం పట్టలేక "కోడికి కూడా టిక్కెట్టు తియ్యాలి" అంటాడు. "తీస్తాను బాబూ, తియ్యననడం లేదు. దానికి సీటిచ్చీ మరి. నిల్చుంటే దానికి కళ్ళు తిరుగుతాయి."

"సీటిచ్చీ మరి" దగ్గర అన్నయ్య ఆగేవాడు. కోడి వైపు చూసేవాడు, తర్వాత నా వైపు. జనం అక్కడ ఒకసారి, కళ్ళు తిరగడం దగ్గర ఇంకోసారి నవ్వేవాళ్ళు. ఆ ఆగినంతసేపూ నేను నవ్వకూడదు, కదలకూడదు. నా పనంతా అదే. నువ్వేమో మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా లేకుండా కత్తిరించేస్తున్నావు. పందిట్లో అయితే ఆ ఖాళీని జనం నవ్వు నింపుతుంది. ఫోన్లో ఒక్కడూ చూసుకునేవాడికి పక్కన జనం ఉండరు. కాబట్టి అక్కడ ఎదుటివాడి ముఖం చూపించు. ఏడవలేక, తిట్టలేక నిలబడ్డ ముఖం. నీ ముగ్గురు స్నేహితుల్లో ఆ కళ్ళజోడు కుర్రాడికి ఆ ముఖం ఉంది. వాడు అసలు నవ్వడం లేదు, వాణ్ణి వదులుకోకు.

ఆ ఐటెంకి ఒడియావాళ్ళూ నవ్వేవాళ్ళు, తెలుగువాళ్ళూ నవ్వేవాళ్ళు. ఏ భాషవాడూ అందులో వెర్రివాడు కాదు, ఇరుక్కున్నది టిక్కెట్టు పుస్తకం పట్టుకున్నవాడు. 1936లో ఒడిశాని వేరే రాష్ట్రం చేసి, గీత గీసి అటు కొందర్నీ ఇటు కొందర్నీ చేసినా మనం చుట్టరికాలు మానలేదు, పొలిమేర మీద కాపురమున్నవాళ్ళం. కామెంట్లలో ఎవరో "ఇదేం తెలుగు" అన్నారని సినిమా తెలుగులోకి మారుతున్నావని విన్నాను. మారకు. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మనది. జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని ఆయన పోట్లాడినంతగా ఎవరు పోట్లాడారు? సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూడా కట్టారు. ఆ సవరవాళ్ళు కొండ దిగి సంతకొస్తే వాళ్ళ మాటనీ కట్టునీ అనుకరించి నవ్వించే వీడియోలు ఈమధ్య చూశాను. నువ్వు ఆ జోలికి వెళ్ళావని తెలిస్తే నేను బరంపురం వచ్చి చెవి మెలేస్తాను. కించపరచాలని నలుగురిలో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కూడా ఉంది, అది వేరే సంగతి. అలాగే మీ బరంపురం ఠాకూరాణి జాతరలో వేషం కట్టినవాళ్ళ మీద ప్రాంకులు వద్దు. రెండేళ్ళకోసారి వచ్చే జాతర, వాళ్ళు మొక్కు తీర్చుకుంటున్నారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నాను. ఇది నిదానంగా చదువు.

1980ల్లో క్యాసెట్ల కాలం. మా ఐటెం టెక్కలి, పలాస, గుణుపురం దాకా పాకింది. ఒకాయన వచ్చి క్యాసెట్ చేద్దామన్నాడు. పేరెందుకులే, పోయినవాడు. అన్నయ్యని తీసుకెళ్ళి, గోడలకి గోనెసంచులు కట్టిన గదిలో కూర్చోబెట్టి, కోడి ఐటెం, ఇంకో ఏడెనిమిది ఐటెంలు చెప్పించాడు. కండక్టర్ మాటలు కూడా అన్నయ్యే చెప్పుకున్నాడు. నాకు ఆ రోజు ఆఫీసులో పని. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఐదు వందల రూపాయలు, గళ్ళ చొక్కా గుడ్డ చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఊళ్ళో జనమంతా దస్తావేజులకి నా దగ్గరికొచ్చేవాళ్ళు. నా సొంత అన్నయ్య మాత్రం టీ గ్లాసు కింద పెట్టకుండా సంతకం చేసి వచ్చాడు. "మనవాడేరా, చదివితే ఏమనుకుంటాడో" అన్నాడు. మొహమాటం! మనవాళ్ళ ఇళ్ళూ పొలాలూ దానితోనే పోవడం నేను బల్ల దగ్గర కూర్చుని ఎన్నిసార్లు చూశానో.

క్యాసెట్ బాగా అమ్ముడైంది. బస్టాండుల్లో, టీ కొట్లలో అన్నయ్య గొంతే. కవరు మీద మాత్రం ఆయన పేరు లేదు, బొమ్మ లేదు. ఎవరో నవ్వుతున్న ముసలమ్మ బొమ్మ వేశారు. మరుసటేడు దసరాకి పాతపట్నం పందిట్లో కోడి ఐటెం మొదలుపెట్టాం. అన్నయ్య "దానికి సీటిచ్చీ" అని ఆగాడు. ఆ ఆగినప్పుడు వెనకనుంచి ఒక కుర్రాడు అరిచాడు, "క్యాసెట్లోది కాపీ కొడతన్నాడ్రా!" జనం నవ్వారు. ఐటెంకి కాదు. నేను కండక్టర్ టోపీతో నిలబడే ఉన్నాను, ఆ రోజు కూడా కదలకూడదు కదా. ముసలమ్మ చీర కట్టుకున్న మా అన్నయ్య కోడిని పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూశాడు.

తర్వాత ఇంకొకాయన వచ్చి కొత్త క్యాసెట్‌కి మంచి డబ్బు ఇస్తానన్నాడు. కొత్త ఐటెంలు రాసుకున్నాం. మొదటాయన కాగితం తీసుకుని వచ్చాడు. అప్పుడు చదివాను నేను దాన్ని. నాలుగే నాలుగు లైన్లు. "నా గొంతుతో చెప్పిన, ఇకమీదట చెప్పబోవు హాస్య అంశములన్నియు సర్వహక్కులతో తమకు దఖలు పరచితిని." కాలం లేదు, ఊరు లేదు, వాటా లేదు. సెంటు భూమి అమ్మినా నాలుగు దిక్కులా హద్దులు రాస్తాం, మనిషి గొంతు అమ్మినప్పుడు హద్దు రాయలేదు. కోర్టుకి వెళదామన్నాను. అన్నయ్య వద్దన్నాడు. కొత్తాయన భయపడి వెళ్ళిపోయాడు. అన్నయ్య ఆ తర్వాత పందిరెక్కలేదు, ఇంట్లో పిల్లలకి కథ చెప్పేటప్పుడు కూడా కోడి వస్తే దాటేసేవాడు. ఆ కాగితం నకలు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఇప్పుడు నీ సంగతి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్ళని, చోటు రాయకపోతే భారతదేశం వరకేనని ఇప్పుడు చట్టమే అంటుంది. అలాగని దాన్ని నమ్ముకుని కూర్చోకు. కాలం, వాటా, పేరు మూడూ నువ్వే రాయించుకో. "ఛానెల్ మేం చూసుకుంటాం, నువ్వు వీడియోలు ఇస్తే చాలు" అనేవాళ్ళు వస్తారు, నీకు 10,000 మంది కాకముందే వస్తారు. "మనవాళ్ళే" అని మొదలుపెడతారు.

ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద హక్కు మామూలుగా యజమానిదే. అందుకని నీ కామెడీ వీడియోలు స్టూడియో కంప్యూటర్ మీద, డ్యూటీ వేళల్లో ఎడిట్ చెయ్యకు. సొంత వీడియోలు సొంతవేనని ఒక లైను ముందే రాయించుకో. ఛానెల్ ఏ మెయిల్ మీద తెరిచారో చూసుకో, నీ మెయిలే అయ్యుండాలి. నలుగురు స్నేహితులూ కలిసి చేస్తున్నప్పుడు డబ్బు ఎలా పంచుకోవాలో ఇప్పుడే, ఒక్క రూపాయీ రాకముందే, రాసుకోండి. డబ్బు వచ్చాక రాసుకునే కాగితాలు నేను చాలా రాశాను. వాటి మీద సంతకాలు కూడా కోపంగా ఉంటాయి.

ఒరిజినల్ ఫైళ్ళు హార్డ్ డిస్క్‌లో పెట్టుకో. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. మన వెనక వీధి కుర్రాడు లక్షల మంది ఫాలోవర్లున్నవాడు, మర్నాడు వీధి అరుగు మీద కూర్చుని ఖాళీ ఫోను చూసుకుంటున్నాడు. వీడియోలన్నీ అందులోనే ఉండిపోయాయి, ఒక్కటీ దాచుకోలేదు.

నీకు నవ్వించడం వచ్చురా. నేను మెచ్చుకున్నానని మీ అమ్మతో అనకు, బజారంతా చాటుతుంది. కోడి ఐటెం కావాలంటే చెయ్యి. ఆ కాగితం పెట్టినవాళ్ళెవరూ లేరు, మీ పెద్దత్తయ్యని అడిగాను, చెయ్యమంది. పేరు మాత్రం పెద్దమావయ్యది ముందు వెయ్యాలి, పెద్దక్షరాలతో. కండక్టర్ వేషానికి మనిషి దొరక్కపోతే నేనున్నాను, గుణుపురం బండి రానూపోనూ ఉంది. టోపీ కూడా ఉందో లేదో చూస్తాను.

స్టూడియో వాళ్ళు అపాయింట్‌మెంట్ కాగితం ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. సంతకం పెట్టలేదు కదా? ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. వెనక పేజీ కూడా తియ్యి, ఖాళీగా ఉన్నా సరే.

ఇట్లు,
మీ మావయ్య