పాత కారుకు టర్బో: ఇంటర్‌కూలర్ ఎక్కడ పెట్టాలి, ఆ పని ఉద్యోగానికి అక్కరకొస్తుందా?

ప్రశ్న: నేను భీమవరంలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నలుగురం కలిసి పాత మారుతి ఎస్టీమ్ 1.3 లీటర్ల పెట్రోల్ కారుకు టర్బో అమర్చడాన్ని ఫైనలియర్ ప్రాజెక్టుగా తీసుకున్నాం. టర్బో ఇంజిన్‌లోకి ఒత్తిడితో నెట్టే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను బంపర్ వెనక పెట్టాలా, ఇంజిన్ మీద పెట్టాలా, నీటితో చల్లబరిచే రకం తీసుకోవాలా అన్నది తేలడం లేదు. ఇదంతా డబ్బు దండగ, ఆ సమయంలో కోడింగ్ నేర్చుకోమని మా నాన్నగారు అంటున్నారు. సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ కారుకు బంపర్ వెనక, ఎదురుగాలి నేరుగా తగిలేలా పెట్టే ఇంటర్‌కూలరే సరిపోతుందని నా అభిప్రాయం. అయితే రేపు ఇంటర్వ్యూలో మిగతా రెండూ ఎందుకు వద్దనుకున్నారని తప్పకుండా అడుగుతారు కాబట్టి, నా మాట మీద ఆగిపోకుండా లెక్క మీరే వేసి చూసుకోండి.

వేసవిలో బయటి గాలి 40 డిగ్రీలు ఉందనుకుందాం. టర్బో 0.6 బార్ బూస్ట్ (బయటి గాలి కంటే అదనపు ఒత్తిడి) ఇస్తే, అందులో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, దాని నుంచి వెలువడే గాలి సుమారు 104 డిగ్రీలకు చేరుతుంది. అంత వేడి గాలి సిలిండర్లలోకి వెళితే పెట్రోల్ ఇంజిన్ నాక్ అవుతుంది, అంటే ఇంధన మిశ్రమంలో కొంత తనంతట తానే మండిపోతుంది. దాన్ని ఆపడానికి ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఇచ్చే క్షణం) వెనక్కి జరపవలసి వస్తుంది. అలా జరిపితే టర్బోతో వచ్చిన బలంలో కొంత చేతులారా పోగొట్టుకున్నట్టే. ఇంటర్‌కూలర్ 70 శాతం పనితనంతో చల్లబరిస్తే ఆ గాలి 59 డిగ్రీలకు దిగి, సాంద్రత సుమారు 13 శాతం పెరుగుతుంది. ఇంతవరకూ చాలామంది విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. కానీ ఇంటర్‌కూలర్ లోపల, పైపుల వంపుల దగ్గర కలిపి 0.1 బార్ ఒత్తిడి పోయిందంటే ఆ 13 శాతం లాభం కాస్తా ఆరు శాతం దగ్గరకు పడిపోతుందన్న సంగతి లెక్క వేసిన వారికి మాత్రమే తెలుస్తుంది. ఒక మాక్ ఇంటర్వ్యూలో నా ముందు కూర్చున్న విద్యార్థి, ఆన్‌లైన్‌లో దొరికిన వాటిలోకెల్లా పెద్ద ఇంటర్‌కూలర్ కొన్నామని గర్వంగా చెప్పాడు. అందులో ఎంత ఒత్తిడి పోతోందని అడిగితే మౌనం వహించాడు.

ఇంజిన్ మీద పెట్టే పద్ధతిని పాత 3.0 లీటర్ల ఫార్చ్యూనర్‌లో చూసి ఉంటారు. దాని బానెట్ మీద గాలి కోసం వదిలిన రంధ్రం అందుకే. పైపులు పొట్టిగా ఉంటాయి, టర్బో త్వరగా అందుకుంటుంది. అయితే రైల్వే గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆగితే చాలు, కింద ఉన్న ఇంజిన్ వేడికి ఇంటర్‌కూలరే కాగిపోతుంది. పైగా ఎస్టీమ్‌కు బానెట్ కోయక తప్పదు. ఈ పద్ధతిని నేనైతే పక్కన పెట్టేస్తాను.

నీటి పద్ధతి ఆకర్షణీయమైనదే. పోలో 1.0 టీఎస్ఐలో ఇంటర్‌కూలర్‌ను సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఇమిడ్చి నీటితో చల్లబరిచారు. మీ ఇంజిన్ 5,000 ఆర్‌పీఎం వద్ద పూర్తి బూస్ట్‌లో ఉన్నప్పుడు గాలి నుంచి తీసేయవలసిన వేడి సుమారు మూడున్నర కిలోవాట్లు. పది లీటర్ల నీరు ఆ వేడికి దాదాపు 12 సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది కనుక, డైనో (కారును ఒకచోట నిలిపి ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద నిమిషం పరుగులో ఈ పద్ధతి అద్భుతంగా కనిపిస్తుంది. హైవే మీద పావుగంట అదే పని చేయాలంటే మాత్రం ముందు భాగంలో మరో చిన్న రేడియేటర్, పంపు, గొట్టాలు ఉండవలసిందే. అంటే బంపర్ వెనక చోటు ఎలాగూ పోతుంది, చెడిపోయే భాగాలు పెరుగుతాయి. నలుగురు విద్యార్థుల బడ్జెట్‌కు అది బరువు.

ఇక బంపర్ వెనక పెట్టేటప్పుడు ఏసీ కండెన్సర్, రేడియేటర్ రెండూ దాని వెనకే ఉంటాయని మరవకండి. మొత్తం కప్పేస్తే ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతుంది. కింది సగానికి సరిపడే కోర్ (ఇంటర్‌కూలర్‌లో గాలి చల్లబడే జాలీ భాగం) తీసుకుని, గాలి పక్కలకు జారిపోకుండా అంచులకు రేకు, రబ్బరు బిగించండి. పైపు చివర్లు నున్నగా వదిలేస్తే బూస్ట్‌కు సిలికాన్ హోస్ ఊడి వస్తుంది. అంచున చిన్న గట్టు తీయించి, ఆ గట్టుకు లోపలి వైపున క్లాంప్ బిగించి, సబ్బునీళ్లతో లీక్ చూడండి. ఇంటర్‌కూలర్‌కు ముందొకటి, తర్వాత ఒకటి చొప్పున ఉష్ణోగ్రత సెన్సర్లు, ప్రెషర్ సెన్సర్లు అమర్చి రీడింగులు దాచండి. బిగించిన కారు కంటే ఆ రీడింగులే మీ రెజ్యూమేకు విలువ తెస్తాయి.

నాన్నగారి మాటను కొట్టిపారేయకండి. ఆ రీడింగుల విశ్లేషణకు పైథాన్‌లో ప్రోగ్రాం మీరే రాస్తే ఆయన కోరింది కూడా నెరవేరుతుంది. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి టర్బో పెట్రోల్ కార్లు వస్తున్నాయి. హైదరాబాద్‌లో హ్యుందాయ్, జడ్‌ఎఫ్ సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. విద్యుత్ కార్లు వస్తే ఇంటర్‌కూలర్ చదువు వృథా అవుతుందని భయపడనక్కర్లేదు. బ్యాటరీని చల్లబరిచే చోటా ఇవే లెక్కలు, ఇవే పంపులు. అందుకే నీటి పద్ధతిని కారులో పెట్టకపోయినా దాని డిజైన్ కాగితం మీద పూర్తిచేసి, రిపోర్టులో ఒక అధ్యాయంగా చేర్చమంటాను.

చివరగా, ఈ కారును రోడ్డెక్కించకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. షెడ్డులోనో, డైనో మీదో, అనుమతి తీసుకున్న ప్రైవేటు స్థలంలోనో పరీక్షించండి. పోటీ మీద ఆసక్తి ఉంటే, విద్యార్థులు తయారుచేసిన రేసు కార్ల పోటీ ఫార్ములా భారత్ నియమావళి చదవండి. అక్కడ ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, పెట్రోల్ ఇంజిన్ 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే గాలి పీల్చాలి. టర్బోకూ ఇంటర్‌కూలర్‌కూ అనుమతి ఉంది. ఆ పరిమితుల్లో ఇదే లెక్క మళ్లీ వేసి చూస్తే జవాబు మారే అవకాశం ఉంది.