డిగ్రీ తర్వాత డాక్టరు చదువు: ముందు డబ్బు లెక్క చూసుకో

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బయోమెడికల్ సైన్స్‌లో డిగ్రీ పూర్తిచేసి, ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేస్తూ, ఇప్పుడు వైద్యవిద్య వైపు వెళ్ళాలనుకుంటున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే నువ్వు ఏ విశ్వవిద్యాలయం మంచిదని మొదటి పేజీ అంతా అడిగి, డబ్బు సంగతి చివర ఒక్క వాక్యంలో ముగించావు. ఇంగ్లండులో ఒక డిగ్రీ చేతిలో ఉన్నవారు వైద్యవిద్యలో ఏ కోర్సుకు దరఖాస్తు పెట్టాలో చాలావరకు ఖర్చే తేలుస్తుంది కనుక, నేను డబ్బుతోనే మొదలుపెడుతున్నాను. గుంటూరులో స్థలం అమ్మకానికి పెట్టాలని మీ నాన్న అనుకుంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఈ ఉత్తరం ఆయన కూడా చదివేదాకా ఎవరికీ మాట ఇవ్వవద్దని నా మాటగా చెప్పు.

నీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి ఇంటరు స్థాయి చదువు ముగించిన పిల్లలు చేరే మామూలు ఐదేళ్ళ కోర్సు, రెండోది నీవంటి పట్టభద్రుల కోసమే పెట్టిన నాలుగేళ్ళ కోర్సు. యూకాస్ (విశ్వవిద్యాలయాల ఉమ్మడి దరఖాస్తు సంస్థ) దరఖాస్తులో మొదటిదానికి సాధారణంగా ఏ100 అని, రెండోదానికి ఏ101 అని కోడ్ ఉంటుంది. పట్టా ఒకటే, తర్వాత చేసే ఉద్యోగమూ ఒకటే, కానీ డబ్బు విషయంలో రెండింటికీ పోలికే లేదు. ఒక డిగ్రీ ఉన్నవారు ఐదేళ్ళ కోర్సులో చేరితే మొదటి నాలుగేళ్ళూ ఫీజు కోసం ప్రభుత్వ రుణం దొరకదు, ఐదో ఏట మాత్రమే ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ఫీజు కడుతుంది. 2025-26లో ఏడాది ఫీజు 9,535 పౌండ్లు. అది పెరగకుండా ఉన్నా నాలుగేళ్ళకు 38,140 పౌండ్లు మనం చేతినుంచి కట్టాలి, అంటే మన రూపాయల్లో నలభై లక్షలకు పైమాటే. మీ నాన్న స్థలం అమ్మాలనుకున్నది ఈ లెక్క చూసి అయివుండాలి.

నాలుగేళ్ళ కోర్సులో మొదటి ఏడాది నువ్వు సొంతంగా కట్టవలసింది 3,465 పౌండ్లు, మిగిలిన ఫీజుకు ప్రభుత్వ విద్యారుణ సంస్థ స్టూడెంట్ ఫైనాన్స్ రుణం ఇస్తుంది. రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాది వరకు ఫీజులో 3,715 పౌండ్లు తిరిగి కట్టనక్కర్లేని ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ కింద పోతాయి, తక్కిన దానికి మళ్ళీ రుణం ఉంటుంది. అంటే నాలుగేళ్ళ ఫీజులో నీ జేబులోంచి పోయేది ఆ మొదటి 3,465 మాత్రమే, దాన్ని కూడా వాయిదాల్లో కట్టనిచ్చే విశ్వవిద్యాలయాలున్నాయి. అందుకే యూకాస్‌లో వైద్యానికి దొరికే నాలుగు ఎంపికలనూ నాలుగేళ్ళ కోర్సులకే వాడుకోమని నా సలహా. ఒకటి ఐదేళ్ళదానికి పెట్టి ఉంచితే, సీటు అక్కడ మాత్రమే వచ్చిన రోజున మీ ఇంట్లో ఎవ్వరూ వద్దనలేరు, స్థలం అమ్ముడుపోతుంది. ఈ ఏడాది రాకపోతే ల్యాబులో ఇంకో ఏడాది పనిచేసి మళ్ళీ దరఖాస్తు పెట్టడమే మేలు.

రుణం అనే మాట మీ నాన్నకు నచ్చదని నాకు తెలుసు. ఆయనకు అప్పంటే పాసుపుస్తకం తాకట్టు, హామీదారు సంతకం, తప్పితే ఇంటిముందుకొచ్చే మనిషి. ఈ రుణం అటువంటిది కాదని ఆయన పక్కన కూర్చుని నిదానంగా చెప్పు. 2023 ఆగస్టు తర్వాత ఇంగ్లండులో మొదలైన కోర్సుల రుణానికి, జీతం ఏడాదికి 25,000 పౌండ్లు దాటితే దాటిన మొత్తంలో నూటికి 9 చొప్పున జీతంలోనే పట్టుకుంటారు, జీతం లేని నెల ఏమీ కట్టనక్కర్లేదు, 40 ఏళ్ళకు మిగిలింది రద్దవుతుంది. నీ మొదటి డిగ్రీ రుణం పాత పద్ధతిలో ఉన్నా రెండింటికీ కలిపి అదే 9 శాతం పోతుంది గాని రెండు కోతలు పడవు.

ఇక్కడిదాకా లెక్క వేసుకుని చాలామంది ఊరట పడతారు. చిక్కంతా ఆ తర్వాతే ఉంది. మొదటి ఏడాది జీవన ఖర్చుల రుణం పూర్తి రేటులో వస్తుంది. రెండో ఏడాది ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ మొదలు కాగానే ఆ రుణం బాగా తగ్గిపోతుంది. బర్సరీలో అందరికీ ఇచ్చేది ఏడాదికి 1,000 పౌండ్లు, దానిపైన ఆదాయాన్ని బట్టి మరికొంత. తగ్గిన రుణమూ ఈ బర్సరీ కలిపినా అద్దెకూ తిండికీ చాలవు, సరిగ్గా ఆ కాలంలోనే ఆసుపత్రుల్లో రోగుల దగ్గర నేర్చుకునే క్లినికల్ పోస్టింగులు మొదలై వారాంతపు ఉద్యోగానికి తీరిక లేకుండా పోతుంది. తెలివైన పిల్లలు చదువు రాక కాకుండా ఈ రెండో ఏడాది చలికాలంలో డబ్బు అయిపోయి కుంగిపోవడం నేను కళ్ళారా చూశాను. కాబట్టి చేరేలోపు మొదటి ఏడాది ఫీజు కాక కనీసం పదివేల పౌండ్లు విడిగా దాచుకో, వాటిని మొదటి ఏడాది అస్సలు ముట్టుకోకు. మీ నాన్న సాయం చేయదలిస్తే స్థలం అమ్మనక్కర్లేదు, ఆ నిల్వకు నెలకు కొంత కలిపితే చాలు.

కోర్సు మొదలయ్యే నాటికి నీకు 25 ఏళ్ళు నిండుతాయి కనుక తల్లిదండ్రుల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోరు, బర్సరీలో ఆదాయాన్ని బట్టి ఇచ్చే భాగం నీకు దాదాపు పూర్తిగా రావాలి. పెళ్ళయితే మాత్రం భర్త ఆదాయం చూస్తారు. సంబంధాల మాట మీ ఇంట్లో నడుస్తోందని విన్నాను, అందుకే ఈ సంగతి కూడా చెబుతున్నాను. బర్సరీకి ప్రతి ఏటా కొత్తగా దరఖాస్తు పెట్టాలి. దూరపు పోస్టింగులకు అయ్యే ప్రయాణ, బస ఖర్చులు కొన్ని తిరిగి ఇస్తారు, రైలు టికెట్లు, పార్కింగ్ రసీదులు ఆ రోజే ఒక కవరులో వేసి పైన తేదీ రాసుకో. రెండో డిగ్రీగా వైద్యం చదివేవారికి సాయం చేసే ఛారిటీలు కూడా ఉన్నాయి. ఈ అంకెలు ఏటా మారుతుంటాయి, నువ్వు చేరే ఏడాది అధికారిక పట్టికలు చూసి లెక్క మళ్ళీ వేసుకోవాలి. హైదరాబాదు నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చిన నీ స్నేహితురాలికి మాత్రం ఇందులో ఏదీ వర్తించదు. ఆమెకు ఫీజు కొన్ని రెట్లు ఎక్కువ, రుణమూ బర్సరీ రెండూ ఉండవు.

ఇప్పుడు నువ్వడిగిన విశ్వవిద్యాలయాల సంగతి. మీ ఇల్లు కోవెంట్రీలో ఉంది కనుక వారిక్ విశ్వవిద్యాలయం నీకు మొదటి ఎంపిక కావాలి. అది పట్టభద్రులను మాత్రమే చేర్చుకునే వైద్య కళాశాల, డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా పర్వాలేదు, పోస్టింగులు ఎక్కువగా కోవెంట్రీ, వారిక్, నునీటన్ ఆసుపత్రుల్లో పడతాయి. ఇంట్లో ఉండి చదివితే జీవన ఖర్చుల రుణం కొంత తగ్గుతుంది, అయినా ఆదా అయ్యే అద్దె దానికన్నా చాలా ఎక్కువ. లండన్ కాలేజీల పేరు చూసి ఆశపడకు. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్, డండీ కలిసి 2018లో మొదలుపెట్టిన స్కాట్‌జెమ్ అనే పట్టభద్రుల వైద్య కోర్సులో ఏడాదికి 4,000 పౌండ్ల ప్రత్యేక బర్సరీ ఉంది, తీసుకున్న ఒక్కో ఏడాదికి ఒక్కో ఏడాది అక్కడి ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేయాలి. పల్లె వైద్యం మీద మనసుంటే అది చక్కని దారి.

ప్రవేశ పరీక్షల్లో యూక్యాట్ జులై నుంచి సెప్టెంబరు మధ్య ఉంటుంది, మార్కులు పరీక్ష ముగిసిన వెంటనే తెలుస్తాయి. యూకాస్ గడువు అక్టోబరు 15. కాబట్టి ఆగస్టు మొదట్లోనే పరీక్ష రాసి, వచ్చిన మార్కును బట్టి తక్కిన కాలేజీలు ఎంచుకో. 2025 నుంచి అందులో అబ్‌స్ట్రాక్ట్ రీజనింగ్ భాగం తీసేశారు, మొత్తం ఇప్పుడు 2,700కు లెక్కిస్తారు, పాత పుస్తకాలు కొనకు. గ్యామ్‌శాట్ అనే మరో పరీక్ష అడిగే కాలేజీలు కొన్ని ఉన్నాయి. అది వ్యాసరచన కూడా ఉండే పొడవైన పరీక్ష కనుక ఉద్యోగం చేస్తూ రెండింటికీ ఒకే వేసవిలో సిద్ధపడవద్దు.

ల్యాబు అనుభవం మంచిదే, కానీ అది రోగి పక్కన నిలబడిన అనుభవం కాదు. ఆసుపత్రి బ్యాంకులో, అంటే అవసరమైనప్పుడు షిఫ్టులకు పిలిచే సిబ్బంది జాబితాలో, పేరు నమోదు చేయించుకుని, నెలకు కొన్ని షిఫ్టులు వృద్ధుల వార్డులో హెల్త్‌కేర్ అసిస్టెంటుగా చెయ్యి, ఆ జీతమంతా నిల్వలో వెయ్యి. ఇంటర్వ్యూ బల్ల ఇవతల కూర్చున్నదానిగా చెబుతున్నాను, అక్కడ ఎన్ని గంటలు చేశావన్నది కాక ఏం గమనించావన్నదే అడుగుతారు. ఒక ముసలావిడకు టీ తాగించిన తర్వాత కప్పులో సగం మిగిలిపోయినా, చార్టులో కప్పు నిండా తాగినట్టు రాస్తే, రాత్రి వచ్చే డాక్టరు సెలైన్ పెట్టాలా వద్దా అన్నది ఆ తప్పు అంకె చూసి నిర్ణయిస్తాడు. మిగిలిన టీని చూసి రాసిన మనిషికి రోగి భద్రత గురించి పాఠం కంఠస్థం చెయ్యవలసిన పని ఉండదు.

చదువు బరువు గురించి పెద్దగా భయపెట్టను. ఐదేళ్ళ పాఠం నాలుగేళ్ళలో నడుస్తుంది, మొదటి ఏడాదిన్నర ఊపిరి సలపదు, నీ డిగ్రీ బయోకెమిస్ట్రీలో ఆదుకుంటుంది గాని అనాటమీలో కాదు. పట్టా తర్వాత రెండేళ్ళు ఫౌండేషన్ అనే జూనియర్ డాక్టరు శిక్షణ, జీపీ (కుటుంబ వైద్యురాలు) కావాలనుకుంటే ఆపైన మూడేళ్ళ శిక్షణ. ముప్పై దాటాక గాని స్థిరపడవన్న మాట ఇంట్లో ఇప్పుడే స్పష్టంగా చెప్పు.

యూకాస్ దరఖాస్తుతో పెట్టే వ్యాసం ఇప్పుడు మూడు ప్రశ్నలకు జవాబులుగా రాయాలి. నీ చిత్తుప్రతి జులై ఆఖరులోగా నాకు పంపు, దానితోపాటు రెండో ఏడాదికి నెలవారీ ఖర్చు పట్టిక కూడా జత చెయ్యి. ఆదివారం సాయంత్రం మీ నాన్నతో నేనే మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ